పేజీలు తిప్పేవాడు

పియానో కచేరీల్లో పేజీలు తిప్పే మనిషిని ఎప్పుడైనా గమనించారా? గమనించి ఉండరు. మన కంట పడకపోవడమే అతని పనితనం. వాయించేవాడికి ఎడమపక్కన, కాస్త వెనక్కి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. సమయం రాగానే లేచి, ఎడమచేత్తో కాగితం పైమూల పట్టుకుని, చప్పుడు కాకుండా తిప్పి, మళ్ళీ కూర్చుంటాడు. చప్పట్లు మోగేటప్పుడు అందరితో పాటు ముందుకొచ్చి నిలబడడు. ప్రోగ్రాం కాగితంలో పేరుండదు. సరిగ్గా చేస్తే ఎవరికీ గుర్తుండడు, తప్పు చేస్తే అందరికీ గుర్తుంటాడు.

మొన్న మార్చిలో ఓ ఆదివారం మధ్యాహ్నం, బోస్టన్‌కి అరగంట దూరంలో ఉన్న మా ఊరి లైబ్రరీ హాల్లో ఆ కుర్చీలో కూర్చున్నది నేను. ఇందులో చిక్కేమిటంటే నాకు వెస్టర్న్ నొటేషన్ చదవడం రాదు.

ఎలా జరిగిందో చెప్తాను. మా అమ్మాయి పదకొండో క్లాసు. వయోలా వాయిస్తుంది. (అది ‘వియోలా’ అంటుంది. నాకు చిన్నప్పటినుంచీ నోట నానిన మాట వయోలా.) ఫ్లూట్ వాయించే ఒక పిల్ల, పియానో వాయించే ఒక పిల్లవాడు, ఇది, ముగ్గురూ కలిసి ఒక కచేరీ చెయ్యాలనుకున్నారు. ఇప్పుడందరూ టాబ్లెట్ మీద చూసి వాయిస్తున్నారు, కాలితో పెడల్ నొక్కితే పేజీ మారుతుంది. మన పియానో పిల్లవాడికి ఒక పోటీలో ఆ పెడల్ ఒకేసారి రెండు పేజీలు దాటించేసింది. ఆ రోజునుంచీ వాడు కాగితం తప్ప ఇంకేదీ నమ్మడు. వాళ్ళమ్మ తిప్పేది. ఆవిడ నర్సు, ఆ నెలలో రాత్రి డ్యూటీలు పడ్డాయి. రిహార్సల్స్‌కి పిల్లల్ని కార్లో దింపి, గోడవారగా కూర్చుని ఫోన్ చూసుకునే ఖాళీ మనిషిని నేనొక్కణ్ణే.

‘‘మా నాన్న తిప్పుతాడు’’ అంది మా అమ్మాయి.

‘‘నాకా గీతలు చదవడం రాదు కదమ్మా.’’

‘‘వినడం వచ్చుగా నాన్నా.’’

ఆ మాటలో కొంచెం కారం ఉందని నాకూ తెలుసు, దానికీ తెలుసు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

వాళ్ళు ఎంచుకున్న రచన మోరిస్ దురుఫ్లే రాసిన ‘ప్రెల్యూడ్, రెసిటాటీఫ్, వేరియేషన్స్’. 1928లో రాశాడు, మరుసటి ఏడు పారిస్‌లో మొదటిసారి వాయించారు. ఫ్లూట్, వయోలా, పియానో. పన్నెండు నిమిషాల పాటు సాగుతుంది. దురుఫ్లే పేరు మీలో చర్చి సంగీతం వినేవాళ్ళకి తెలిసే ఉంటుంది, 1947 నాటి ‘రెక్వియెమ్’ వల్ల. ఆయన వృత్తిరీత్యా ఆర్గాన్ వాద్యకారుడు. 1902లో పుట్టి 1986లో పోయాడు. ఎనభై నాలుగేళ్ళు బతికి నంబరు వేసి బయటపెట్టిన రచనలు పద్నాలుగు. అందులో ఇలా ముగ్గురు నలుగురు కూర్చుని వాయించుకునేది ఇదొక్కటే. రాసినప్పుడు వయసు ఇరవై ఆరు. ఆ తర్వాత అరవై ఏళ్ళకి దగ్గరగా బతికాడు గానీ ఈ వేపు మళ్ళీ రాలేదు.

బద్ధకం కాదు. చెక్కిందే చెక్కడం, అచ్చయ్యాక కూడా దిద్దడం, చివరికి నచ్చలేదని పక్కన పెట్టడం ఆయన స్వభావం. ఆర్గాన్ కోసం రాసిన ‘సూట్’లోని ఆఖరి భాగం, తొకాటా, ఇవాళ ప్రపంచంలో ఆర్గాన్ నేర్చిన ప్రతివాడూ వాయించి చూపించాలనుకునేది, రాసినాయనకే అది నచ్చలేదు. గురువు పోల్ దుకా కూడా అలాంటివాడే, తను రాసినవాటిలో చాలా భాగాన్ని తనే నాశనం చేశాడు. అలాంటి గురువు దగ్గర అలాంటి శిష్యుడు. పద్నాలుగైనా మిగలడం మన అదృష్టం అనుకోవాలి.

ఇప్పుడు వయోలా సంగతి. మా అమ్మాయికి ఏడో ఏట కర్ణాటక వయొలిన్ మొదలుపెట్టించాను. వారం వారం నలభై నిమిషాలు డ్రైవ్ చేసి తీసుకెళ్ళేవాణ్ణి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు దాటి మోహన వర్ణం దాకా వచ్చింది. తొమ్మిదో క్లాసులో స్కూల్ ఆర్కెస్ట్రా మాస్టారు వయొలిన్ పిల్లలందర్నీ నిలబెట్టి, వయోలాకి మనుషులు చాలడం లేదు, ఎవరైనా మారతారా అని అడిగాడట. ఇది చెయ్యెత్తింది. ఇంటికొచ్చి అన్నం తింటూ చెప్పింది, రెండూ కుదరదు, కర్ణాటక క్లాసు మానేస్తానని.

నేను అరవలేదు. అరిచినా బాగుండేది. ఊరుకున్నాను. రెండేళ్ళ పాటు అది వాయిస్తున్నదేమిటో ఒక్కసారి కూడా అడగలేదు. కచేరీలకి వెళ్ళేవాణ్ణి, వీడియో తీసేవాణ్ణి, తెనాలిలో ఉన్న అమ్మకి పంపేవాణ్ణి. వినేవాణ్ణి కాను. ఆర్కెస్ట్రాలో వయోలా వినాలంటే కష్టపడాలి కూడా. పైన వయొలిన్లు, కింద చెల్లోలు, మధ్యలో వీళ్ళు సాంబారులో పప్పులాగా. పప్పు ఉందని తెలుస్తుంది, విడిగా చూపించమంటే చూపించలేం. వాద్యబృందాల్లో వయోలా వాళ్ళ మీద జోకులకి అంతులేదు. మన ఊళ్ళో బావమరదుల మీద కూడా అన్ని ఉండవు.

దీని గొంతు అలా ఉండటానికి ఒక కారణం ఉంది, నాకు ఈ మధ్యే తెలిసింది. వయొలిన్ కంటే వయోలా స్థాయి ఐదు స్వరాలు కిందికి, మన లెక్కలో పంచమం తేడా. వయొలిన్ ఒళ్ళు పొడవు 14 అంగుళాలు. ఐదు స్వరాలు కిందికి దిగి అంతే నిండుగా పలకాలంటే ఒళ్ళు ఒకటిన్నర రెట్లుండాలి, అంటే 21 అంగుళాలు. అంత వాద్యాన్ని భుజం మీద పెట్టుకుని చెయ్యి చాపి వాయించడం మనిషివల్ల కాదు. అందుకని 15న్నర, 16, మహా అయితే 17 అంగుళాల దగ్గర ఆపేస్తారు. పలకాల్సిన స్వరానికి పెట్టె చాలదు. ఆ చాలకపోవడమే దాని గొంతు. కొంచెం జీర, కొంచెం జలుబు, పొద్దున్నే లేచి ఇంకా ఎవరితోనూ మాట్లాడకముందు మన గొంతు ఉంటుందే, అది.

మన సంగీతానికి ఇది పరాయిదేమీ కాదు. బాలమురళీకృష్ణగారు వయోలా వాయించేవారు. మా నాన్న విజయవాడ రేడియో పెట్టుకుని, ‘‘ఈయన పాడటమే కాదురా, వయోలా కూడా వాయిస్తాడు’’ అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవారు. ఆ మాట విని పెరిగినవాణ్ణి, కూతురు అదే వాద్యం పట్టుకుంటే మొహం మాడ్చుకున్నాను. ఎందుకంటే అడక్కండి.

నోట్లు చదవడం రాదు కాబట్టి ఈ పన్నెండు నిమిషాల్నీ బట్టీ పట్టక తప్పలేదు. ఆఫీసుకెళ్తూ వస్తూ, రోజుకి నాలుగుసార్లు. పియానో వాడి ముందుండే పుస్తకంలో ముగ్గురి భాగాలూ ఉంటాయి. పైన ఫ్లూట్ వరస, దాని కింద వయోలా వరస, అడుగున రెండు వరసల్లో పియానో. ఎవరి వరస ఎప్పుడు ఖాళీగా ఉందో, ఎప్పుడు నల్లగా నిండిందో చదువు రానివాడికైనా కనిపిస్తుంది. ఆ ఆధారంతో ప్రతి పేజీ చివర పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్నాను. ‘ఫ్లూట్ మెట్లెక్కుతుంది, పైమెట్టు మీద ఉండగా లేవాలి.’ ‘పియానో ఉడుకుతోంది, పొంగకముందే తిప్పాలి.’ ‘ఇద్దరూ ఒకేమాట అంటారు, రెండోసారి అన్నప్పుడు.’ ఫ్లూట్ పిల్ల చూసి ఇవి సంగీతం గుర్తులా అని అడిగింది. అవునన్నాను.

ప్రెల్యూడ్ మొదట్లో పియానో అడుగునుంచి చీకటిగా మొదలవుతుంది. పాట ముందు వయోలాది. ఫ్లూట్ తర్వాత వచ్చి కిటికీ తెరిచినట్టు చేస్తుంది. ఇక్కడ దెబుస్సీ నీడ ఉంది, దాచడానికి లేదు. దెబుస్సీ 1915లో, యుద్ధం మధ్యలో, ఒంట్లో జబ్బుతో, ఫ్లూట్, వయోలా, హార్ప్‌లకి ఒక సొనాటా రాశాడు. ముందు వయోలా చోట ఓబో అనుకుని, తర్వాత మార్చుకున్నాడు. ఆరు సొనాటాలు రాయాలనుకుని మూడు పూర్తిచేసి 1918లో పోయాడు. ఆయన్ని ఆ సొనాటాల వేపు ప్రోత్సహించినవాడు, అచ్చువేసినవాడు జాక్ దురాన్ అనే ప్రచురణకర్త. దురుఫ్లే తన రచనని అంకితమిచ్చింది ఆ దురాన్ స్మృతికే. ఆయన 1928లో పోయాడు. అంటే ఈ కుర్రవాడు హార్ప్ తీసి పియానో పెట్టాడే గానీ, ఎవరింటి గుమ్మం ముందు నిలబడ్డాడో తెలిసే నిలబడ్డాడు.

అన్నట్టు, దెబుస్సీ సొనాటాని మొట్టమొదట బహిరంగంగా వాయించింది పారిస్‌లో కాదు. 1916 నవంబరులో, ఇక్కడే, బోస్టన్ జోర్డాన్ హాల్లో. ఆ హాలు ముందునుంచి పాతికేళ్ళుగా నడుస్తున్నాను, తెలియదు.

హార్ప్ పోయి పియానో రావడం చిన్న మార్పు కాదు. హార్ప్ మీటితే స్వరం పుట్టి చచ్చిపోతుంది, పక్కవాళ్ళకి చోటిస్తుంది. పియానో సుత్తుల వాద్యం. ఫ్లూట్ కింది స్వరాలు ఊపిరిలా ఉంటాయి, వయోలా మధ్య స్వరాలు ముసుగేసుకుని ఉంటాయి. పియానో కొంచెం ఏమరితే రెండూ మునిగిపోతాయి. మొదటి రెండు రిహార్సల్స్‌లో అదే జరిగింది. వాళ్ళ టీచర్ పియానో మూత సగానికి దింపింది, సరిపోలేదు. చివరికి ఆవిడ ఆ పిల్లవాడితో అన్నదేమిటంటే, నీ చేతులు వినకు, ఆ అమ్మాయి విల్లు విను అని. పక్కనే కూర్చున్నాను కదా, నేనూ వినడం మొదలుపెట్టాను.

రెండో భాగం, రెసిటాటీఫ్, చిన్నది. మొత్తం రచనలో నాకు బాగా నచ్చింది అదే. ప్రెల్యూడ్ వింటే దెబుస్సీ, రవెల్ గుర్తొస్తారు. వేరియేషన్స్ వింటే తెలివైన విద్యార్థి గుర్తొస్తాడు. ఈ మధ్య ముక్క మాత్రం దురుఫ్లేది. రెసిటాటీఫ్ అంటే మాట్లాడినట్టు పాడటం. నాటకంలో పద్యం చదివేవాణ్ణి తల్చుకోండి. హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉంటుంది, తాళం ఉండదు, ఎక్కడ సాగదీయాలో ఎక్కడ ఆపాలో ఆ నటుడి ఇష్టం. ఇక్కడ వయోలా అలా లేచి మాట్లాడుతుంది. అడుగుతుంది, ఆగుతుంది, జవాబు రాకపోతే ఇంకోలా అడుగుతుంది. ఏ రాగమో పట్టుకుందామని రెండు రోజులు ప్రయత్నించి మానుకున్నాను.

ఈ తాళం లేని నడక ఆయనకి ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. పదేళ్ళ వయసులో ఇంటినుంచి తీసుకెళ్ళి రూవాన్ కెథెడ్రల్ గాయకుల బడిలో చేర్చారు. పొద్దున్నా సాయంత్రం గ్రెగోరియన్ చాంట్. దానికి బార్లు లేవు, మాత్రలు లేవు. లాటిన్ మాట ఎంతసేపు పడితే స్వరం అంతసేపు. ముప్ఫై ఐదేళ్ళ తర్వాత రాసిన రెక్వియెమ్ అంతా ఆ చాంట్ల మీదే కట్టాడు. ఇక్కడ చాంట్ ఏదీ లేదు. దాని ఊపిరి మాత్రం ఉందనిపిస్తుంది నాకు.

ఇంకొక సంగతి. దురుఫ్లే జీవితంలో ఎక్కువగా చెప్పుకునే ఘట్టం ఆయన వాయిస్తున్నప్పటిది కాదు, పక్కన కూర్చున్నప్పటిది. నోత్రదామ్ ఆర్గాన్ వాద్యకారుడు లూయీ వియెర్న్‌కి ఆయన సహాయకుడు. వియెర్న్‌కి పుట్టుకనుంచీ చూపు దాదాపు లేదు. 1937 జూన్ 2న వియెర్న్ అక్కడ తన 1750వ కచేరీ చేస్తున్నాడు. పక్కన దురుఫ్లే. కార్యక్రమం చివర్లో వియెర్న్ అలాగే ముందుకి ఒరిగిపోయాడు. కాలు పెడల్ మీద పడి ఒక్క మంద్రస్వరం ఆగకుండా ఆ చర్చంతా మోగింది. కింద కూర్చున్నవాళ్ళకి అది సంగీతంలో భాగమో కాదో తెలిసే వీలు లేదు. తెలిసినవాడు పక్కనున్న మనిషి.

పక్క కుర్చీ నా చేత కూడా ఎక్కువే చేయించింది ఆ నెలలో. గోడవార కూర్చున్నప్పుడు కనిపించనివి కనిపించాయి. వయోలా మొదలుపెట్టే ముందు మా అమ్మాయి ముక్కుతో ఊపిరి పీల్చి కనుబొమలెత్తుతుంది, ఆ ఇద్దరూ అది చూసి బయల్దేరతారు. ముగ్గుర్లో చిన్నది ఇదే, నడిపించేది ఇదే. ఫ్లూట్ పిల్ల స్వరం ఒక వెంట్రుక వాసి పైకి పోతే, ఇది ఏమీ అనకుండా తన వేలు జరిపి అక్కడికెళ్ళి కలిసేది. ఈ చెవి ఎక్కడిదో నాకు తెలుసు. ఆ నలభై నిమిషాల డ్రైవులు ఊరికే పోలేదు. నాతో చెప్పాల్సిన పని దానికి లేదు గనక చెప్పలేదు.

కచేరీకి వారం ముందు, కార్లో, ఇదయ్యాక వయోలా ఆపేద్దామనుకుంటున్నానంది. కాలేజీ అప్లికేషన్లు, ఏపీ క్లాసులు, టైం లేదు. ‘‘నీకూ డ్రైవింగ్ తప్పుతుంది’’ అంది. రెండేళ్ళ కిందట ఊరుకున్నట్టే ఊరుకున్నాను. ఈసారి ఏమనాలో తెలియక.

ఆదివారం హాల్లో నలభై మంది ఉంటారు. సగం అమ్మానాన్నలు, సగం వేడిగా ఉంటుందని లైబ్రరీకి వచ్చిన పెద్దవాళ్ళు. ప్రెల్యూడ్‌లో ఒక్క పొరపాటూ లేదు. ఫ్లూట్ మెట్లెక్కింది, లేచాను. పియానో ఉడికింది, తిప్పాను. చెమట పట్టింది గానీ చెయ్యి వణకలేదు.

రెసిటాటీఫ్ వచ్చింది. రిహార్సల్స్‌లో ఎప్పుడూ వాయించనంత నెమ్మదిగా మొదలుపెట్టింది. మొదటి వాక్యం అయ్యాక ఆగింది. ఎంతసేపని! వెనక వరసలో ఎవరో కోటు సర్దుకోబోయి మానేసినట్టు వినిపించింది. మళ్ళీ అందుకుంది, ఇంకా కిందనుంచి, నాలుగో తీగ మీద, ఆ జీర గొంతుతో. నేను పుస్తకం చూడాలి. చూడటం లేదు. దాని కుడిచేతి మణికట్టు చూస్తున్నాను. పియానో పిల్లవాడు తల ఊపాడట. మళ్ళీ ఊపాడట. ఆఖరికి తనే ఎడమచెయ్యి చాపి పేజీ తిప్పుకున్నాడు. అక్కడ వాడికి వాయించేదేమీ లేదు కాబట్టి బతికాం. కాగితం మాత్రం చప్పుడైంది. ఆ నిశ్శబ్దంలో అప్పడం విరిచినట్టు.

తర్వాత ఫ్లూట్ వచ్చి తేటగా తన పాట ఎత్తుకుంది, దానిమీద వేరియేషన్స్ ఒకదాని వెనక ఒకటి నడిచాయి, చివరికి ముగ్గురూ పరుగెత్తారు. అవన్నీ సరిగ్గానే తిప్పాను. చప్పట్లు కొడుతుంటే ముగ్గురూ ముందుకెళ్ళి వంగారు. నేను కుర్చీలోనే ఉన్నాను.

ఇంటికొస్తుంటే మా అమ్మాయి వెనక సీట్లో వయోలా పెట్టె పెట్టి, ముందు కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం అది, పెన్సిల్ గీతలన్నీ చెరిపి తిరిగివ్వాలి.

‘‘ఒక పేజీ తిప్పలేదు నువ్వు.’’

‘‘సారీరా. చూశావా?’’

‘‘అందరూ చూశారు నాన్నా.’’ కోపం లేదు గొంతులో. పేజీలు తిరగేస్తోంది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ‘‘ఇదేంటి?’’

‘‘ఫ్లూట్ మెట్లెక్కుతుంది.’’

‘‘ఇది?’’

‘‘పియానో ఉడుకుతోంది.’’

నవ్వింది. ఇంకో నాలుగు చదివించుకుంది. ప్రతిదానికీ నవ్వి, ఆ చోటు ఏదో చిన్నగా కూనిరాగం తీసి, సరిగ్గానే రాశావంది. రెసిటాటీఫ్ పేజీ దగ్గర ఆగింది.

‘‘ఇదేంటి ఇంత పొడుగుంది?’’

మూడో రిహార్సల్ రోజున రాశానది. ఆ పేజీ అంచు పొడుగునా, కింద చోటు చాలక పక్కకి తిరిగి పైకి. పేజీ తిప్పడానికి సంబంధించింది కాదు.

‘‘ఇక్కడ నెమ్మదిగా తిప్పాలి అని’’ అన్నాను.

‘‘అంత చెప్పడానికి ఇన్ని లైన్లా?’’

‘‘తెలుగులో అంతే పడుతుంది.’’

సిగ్నల్ పడింది. అది పుస్తకం మూసి బ్యాగులో పెట్టుకుంది. వయోలా ఆపేసే మాట ఆ రోజు ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు, నేనూ అడగలేదు. బుధవారం రాత్రి పైగదిలోంచి ఆ కింది తీగ వినిపించింది, ఒక పది నిమిషాలు.

పుస్తకం గడువు ఏప్రిల్‌లో అయిపోయింది. రబ్బరు తెచ్చి చెరపమని మా ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది. ఇప్పటికి రెండుసార్లు రెన్యూ చేశాను.